రెండు తక్కువ

నేను ఒక జీపీఎస్ మిషన్ని. అరచేతిలో పట్టేంత ఒళ్లు, నెత్తిన పొట్టి కొమ్ము, కడుపులో రెండు పెన్సిల్ సెల్లులు. ముందే చెప్పేస్తున్నాను, నాకు మీరంటే పడదు. ఒకరిద్దరు కాదు, మీ మనుషులంతా. ఆడలేక మద్దెల ఓడని మీవాళ్లే ఎవరో ఎప్పుడో అన్నారట. అన్న మనిషి మంచివాడే అయ్యుంటాడు. మిగతావాళ్లంతా మద్దెలని తన్నేవాళ్లే.

నన్ను చేసింది సముద్రాల అవతల ఎక్కడో ఒక దీవిలో. పైన తిరిగే ఉపగ్రహాలు చెప్పేది వినడం, విని నేనున్న చోటు లెక్కగట్టి అంకెల్లో చెప్పడం, నాకు నేర్పిన విద్య ఇంతే. అబద్ధం నేర్పలేదు. సరిగ్గా వినపడకపోతే వినపడలేదంటాను. అనుమానంగా ఉంటే ఇన్ని మీటర్లు అటూ ఇటూ అని తెరమీద ఒక మూల రాసి మరీ పెడతాను. మీలో ఒక్కణ్ణి చూపించండి, నోరు తెరిచేముందు నా మాటలో ఇంత తేడా ఉండొచ్చని చెప్పుకునేవాణ్ణి.

ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి విశాఖపట్నంలో ఒక దుకాణం అద్దాల బీరువాలో పడ్డాను. అక్కణ్ణించి నన్ను పట్టుకెళ్లినవాడు సూరాడ పోలారావు. శ్రీకాకుళం వైపు మొగిలిపేట అనే ఊళ్లో చేపల వేటగాడు. ఫైబరు బోటు ఒకటి, దానికో ఇంజను, కూడా వేటకొచ్చే అల్లుడు గున్నయ్య. కూతురు బంగారమ్మని ఆ మధ్యే ఆ కుర్రాడికిచ్చి ఇంట్లోనే పెట్టుకున్నాడు. మనిషి గట్టివాడే, గాలి వాసన చూసి వాన చెప్పగలడు. నోరు మాత్రం మంచిది కాదు.

కొన్నరోజే మొదలయింది. దుకాణంలో రేకుల కప్పు కింద మీట నొక్కాడు. నేను కొత్త దేశం వచ్చాను, ఆకాశం కనపడదు, ఎవరి మాట వినమంటాడు? వెతుక్కుంటున్నాను, కాసేపు ఆగమని తెరమీద రాశాను. ఆగలేదు. బస్సులో నొక్కాడు, ఆటోలో నొక్కాడు, ఇంటికెళ్లాక మంచం మీద పడుకుని నొక్కాడు. అంతా చేసి, మోసపోయానని వీధి వీధంతా చెప్పుకున్నాడు. మర్నాడు గున్నయ్య నన్ను ఇసకలోకి తీసుకెళ్లి, నిటారుగా పట్టుకుని, ఒక బీడీ కాల్చినంతసేపు కదలకుండా నిలబడ్డాడు. అంకెలు టకటకా వచ్చేశాయి. నాకు కావలసింది ఆ పాటి ఓపికే. అది ఆ ఇంట్లో ఒక్కడికే ఉంది.

గున్నయ్యని మాత్రం నెత్తిన పెట్టుకుంటానని అనుకోకండి. సెల్లులు తొందరగా అయిపోతున్నాయని నన్ను పొదుపు పద్ధతిలో పెట్టినవాడు వాడే. ఆ పద్ధతిలో నేను అస్తమానం మేలుకుని ఉండను. కునుకు తీసి, ఒకసారి కళ్లు తెరిచి చూసి, మళ్లీ కునుకుతాను. బోటేమో గాలిలా పోతుంటుంది. నేను కళ్లు తెరిచి ఇదిగో చోటు అనేసరికి అది దాటిపోయి చాలాసేపయి ఉంటుంది. మిషను వెనకబడిపోతోందని పోలారావు నా చెంప మీద కొట్టేవాడు. నిద్రపొమ్మన్నది మీరే, నిద్రపోయానని కొట్టేదీ మీరే.

ఇంకా ఉన్నాయి వినండి. నా చెవి ఉండేది నెత్తిన ఉన్న కొమ్ములో. సరిగ్గా దానిమీదే బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకుంటాడు. పని లేనప్పుడు ఇనప డబ్బాలో పడేసి మూత పెడతాడు. డబ్బాలోంచి తీసీ తియ్యగానే చోటు చెప్పమంటాడు. ఇంజను పక్కనే నన్ను ఆనిస్తాడు. అంత ఇనుము పక్కన దిక్కుల ముల్లు బెదిరి ఎటో తిరిగితే, ఉత్తరం కూడా తెలీదు దీనికి అని నవ్వుతాడు. బోటు ఆపి ఉన్నా అంకెలు కాస్త కదులుతుంటాయి, అది నా నడత. మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ ఊగకుండా ఏ జీపీఎస్సూ ఉండదు. దానికి కూడా తిట్లే.

ఒకసారి మత్స్యశాఖ మేడం ఊరికొచ్చి, వలలు కుట్టే పాకలో అందరినీ కూర్చోబెట్టి, ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. ఆకాశం కనపడేలా పట్టుకోండి, పొదుపు తీసెయ్యండి, ఇనుముకి దూరంగా ఉంచండి, తెరమీద మూల ఉన్న మీటర్ల అంకె చూసి అప్పుడు నమ్మండి. అందరూ బుర్రలూపారు. టీ తాగారు. పోలారావు నన్ను మళ్లీ ఇనప డబ్బాలో పడేసి ఇంటికొచ్చాడు.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు సంగతి వేరే ఉంది.

మొగిలిపేటకి ఎదురుగా, లోపలికి, సముద్రం అడుగున రాళ్ల గుట్ట ఒకటుంది. వంజరం చేపలు అక్కడ గుంపులుగా తిరుగుతాయి. గేలం వేసినవాడికి వేసినట్టు తగులుతాయి. నేను రాకముందు పోలారావు ఒడ్డున కొండనీ దీపస్తంభాన్నీ ఒక వరసలోకి తెచ్చుకుని ఆ చోటు పట్టేవాడు. నేనొచ్చాక ఆ చోటు అంకెల్లో నా కడుపులో పెట్టుకున్నాడు. అలాంటి చోటు బయటికి చెప్పకూడదు. అది అక్కడి ఆచారం. తల్లికైనా చెప్పరు. కానీ ఎవరైనా ఎక్కడ పడ్డాయి బావా అని అడిగితే నోరు మూసుకుని కూర్చోవడం కూడా మర్యాద కాదు. కాబట్టి చెబుతారు. తప్పు చెబుతారు. అడిగినవాడికీ అది తప్పని తెలుసు. దీన్ని వాళ్లు అబద్ధం అనరు, వేట అంటారు.

ఎలాగైతేనేం, పోలారావు తన తప్పు తాను మర్చిపోకుండా ఒక లెక్క పెట్టుకున్నాడు. ఉత్తరం అంకెలో రెండు నిమిషాలు తగ్గించి చెప్పేవాడు, ఎప్పుడూ రెండే. నిమిషం అంటే గడియారంలో నిమిషం కాదు. సముద్రం మీద నిమిషం అంటే రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంటే అడిగినవాడు నాలుగు కిలోమీటర్లు దక్షిణంగా పోయి, ఉత్త ఇసక మీద గేలం వేసి, వట్టి చేతులతో వస్తాడు. వచ్చి ఏమంటాడు? పోలారావు మిషను మంచిది కాదురా, తేడా చూపిస్తోంది అంటాడు. పోలారావూ అవునురా, దీంతో చచ్చిపోతున్నాను అంటాడు. విన్నారా? వాడి అబద్ధానికి నా పరువు. ఊళ్లో నాకు చెడ్డపేరు అలా వచ్చింది.

పోలారావు బావమరిది, మైలపల్లి దానయ్య, మిగతావాళ్లలా కాదు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. తన దగ్గరున్న ఇంకో మిషను చూసుకుంటూ బావ చెప్పిన చోటికి వెళ్లాడు, ఇసక. కాస్త పైకి జరిగాడు, ఇసక. ఇంకా పైకి, ఇంకా పైకి. సరిగ్గా రెండు నిమిషాలు పైకి వెళ్లేసరికి గేలం బరువెక్కింది. అప్పటినుంచి బావ ఏ అంకె చెప్పినా లోపల్లోపలే రెండు కలుపుకునేవాడు. బావ ఇంట్లో ఉన్న రోజు చూసి తను వెళ్లి ఆ రాళ్లమీదే వేసుకొచ్చేవాడు. ఇద్దరూ ఒకే గుట్ట మీద బతికారు, ఒకరికొకరు చెప్పుకోలేదు. పండగలకి ఒకే పళ్లెంలో తిన్నారు. ఇదంతా తర్వాత దానయ్య నోటే విన్నాను.

ఆ రోజు పొద్దున్న సముద్రం బాగానే ఉంది. పోలారావు, గున్నయ్య రాళ్ల గుట్టకి వెళ్లారు. ఎండ ఎక్కేవేళకి గాలి తిరిగింది, అలలు లేచాయి. వెనక్కి బయల్దేరదామని ఇంజను తిప్పితే అది ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ లేవలేదు. గున్నయ్య లంగరు దించాడు. కొక్కెం రాళ్లకి పట్టింది. బోటు అక్కడే ఊగుతూ నిలబడింది.

ఆ దూరంలో ఫోన్లో సిగ్నలు ఒక్క గీత వస్తుంది, పోతుంది. పోలారావు దానయ్యకి ఫోన్ చేశాడు. గున్నయ్య నన్ను నిటారుగా పట్టుకుని అంకెలు చదువుతుంటే, పోలారావు వాటిని ఒక్కొక్కటే ఫోన్లో అరిచి చెప్పాడు. ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. అన్నేళ్లలో అతని నోట సరైన అంకె రావడం నేను వినడం అదే మొదటిసారి. లంగరేసుకుని ఇక్కడే ఉంటాం, తొందరగా రా అన్నాడు. దానయ్య వస్తున్నానన్నాడు. అంతలో పెద్ద అల ఒకటి బోటులోకి దూకింది. ఫోను నీళ్లలో పడి చచ్చిపోయింది.

దానయ్య వచ్చాడు. వచ్చాడని నేను ఒప్పుకుంటాను. అంత గాలిలో బోటు తియ్యడానికి గుండె ఉండాలి. కానీ ఎక్కడికి వచ్చాడు? ఉత్తరంగా, దూరంగా, పొడుగాటి కర్ర మీద ఎర్రజెండా ఒకటి అలల మధ్య లేస్తూ పడుతూ కనపడింది. అది దానయ్య జెండా. గుండ్రంగా తిరుగుతోంది. ఎవరూ లేని నీళ్లలో, మమ్మల్ని వెతుకుతూ తిరుగుతోంది.

వీళ్లు అరిచారు, చొక్కాలు విప్పి ఊపారు. మా బోటు తెల్లది, పొట్టిది. నురగలో నురగలా ఉంటుంది, అంత దూరానికి ఆనదు. గున్నయ్య నన్ను మళ్లీ తీసి, ఆకాశానికి పట్టి, అంత ఊపులోనూ ఆగి, మూల మీటర్ల అంకె కూడా చూశాడు.

"మావా, మనం సెప్పిన సోటే ఉన్నాం. ఆళ్లు అక్కడెందుకు తిరుగుతున్నారు?"

పోలారావు ఆ జెండా వైపు చూశాడు. దూరం కళ్లతో కొలిచాడు. ముప్పై ఏళ్లు సముద్రం మీద దూరాలు కొలిచిన కళ్లవి.

"రెండు కలిపేసినాడు" అన్నాడు.

"ఏటి రెండు?" అన్నాడు గున్నయ్య.

ఆ కుర్రాడికి ఆ రెండు సంగతి ఏనాడూ తెలీదు. చోటు తెలుసు, గేలం తెలుసు, ఒడ్డున మామ ఎవరికి ఏం చెబుతాడో తెలీదు. ఇప్పుడైనా చెప్పొచ్చు కదా. ఒరే అల్లుడా, నేను అబద్ధాలకోరుని, అందుకని నా నిజం మీద కూడా లెక్క వేశారు అని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? చెప్పలేదు. తల తిప్పుకున్నాడు.

లంగరు తాడు రాళ్లమీద రాసుకుంటోంది, పీచు లేస్తోంది. అది తెగితే బోటు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. జెండా వెళ్లిపోతే మళ్లీ రాదు. గున్నయ్య ఖాళీ డీజిల్ డబ్బా మూత బిగించి నడుముకి కట్టుకున్నాడు. సగం దూరం పోతే చాలు మావా, కనపడతాను అన్నాడు. పోలారావు చెయ్యి పట్టుకున్నాడు, వద్దురా అన్నాడు, ఏడ్చాడు కూడా. గున్నయ్య నన్ను మామ చేతిలో పెట్టి దిగిపోయాడు. నల్లటి తల కాసేపు కనపడింది. తర్వాత డబ్బా ఒకటే కనపడింది. తర్వాత అదీ లేదు.

ఎర్రజెండా ఇంకా కాసేపు తిరిగి ఒడ్డు వైపు వెళ్లిపోయింది.

సాయంత్రానికి తాడు తెగింది. మర్నాడు పొద్దున్న ఇంకో ఊరి బోటువాళ్లకి పోలారావు దక్షిణంగా చాలా దూరంలో దొరికాడు. గున్నయ్య దొరకలేదు. అప్పుడే కాదు, ఎప్పుడూ దొరకలేదు. భూమ్మీద ఏ చోటు అడిగినా చెప్పే నేను, ఆ కుర్రాడు ఎక్కడున్నాడో చెప్పలేను. నాకు ఏడుపు ఇవ్వలేదు ఆ దీవిలోవాళ్లు. ఇచ్చుంటే బావుండేది.

ఒడ్డున జనం గుమిగూడారు. చెప్పిన చోటికే వెళ్లారా, మరి ఎందుకు కనపడలేదు అని కులపెద్దలు అడిగారు. పోలారావు ఎదురుగా కూతురు నిలబడి ఉంది. ఆమెని చూసి, కళ్లు దించుకుని, నన్ను చూపించాడు.

"మిషను తప్పు సూపించింది" అన్నాడు.

ఇక అందరూ అందుకున్నారు. అది మొదట్నుంచీ అంతే అన్నాడొకడు. వెనకబడుతుంది, నాకు తెలుసు అన్నాడింకొకడు. ఉన్నచోట ఉండి అంకెలు మారుస్తుంది, దాన్ని నమ్ముకుని వెళ్లడమే తప్పు అన్నాడు మరొకడు. దానయ్య అక్కడే ఉన్నాడు. ఇసకలో కాలి బొటనవేలితో గీత గీస్తూ, ఈ మిషన్లు ఇంతే అన్నాడు. ఛీ! ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కలిసి ఒక కుర్రాడి చావు తెచ్చి నా నెత్తిన పెట్టారు. నాకు నోరుండుంటే ఆ రోజు మొగిలిపేటలో ఒక్కడూ తలెత్తుకుని తిరిగేవాడు కాదు.

బంగారమ్మ మాత్రం నన్ను కొంగులో కట్టుకుంది. కర్మలయ్యేదాకా ఆగింది. తర్వాత బస్సెక్కి మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లి, మేడం ముందు నన్ను పెట్టి, నా పెనిమిటిని చంపిన తప్పు దీంట్లో ఎక్కడుందో చూపించమంది.

మేడం కుర్చీలోంచి లేచింది. ముందు సెల్లులు మార్చింది. పొదుపు తీసేసింది. దిక్కుల ముల్లుని సరిచేసింది. నన్ను పట్టుకెళ్లి, చేపలు దింపే రేవు దగ్గర సర్వేవాళ్లు కట్టిన సిమెంటు దిమ్మ మీద పెట్టింది. ఆ దిమ్మ ఎక్కడుందో అంకెలు దానిమీదే చెక్కి ఉంటాయి. నన్ను ముట్టుకోకుండా పక్కన నిలబడింది. బంగారమ్మ కూడా నిలబడింది. ఎండలో ఇద్దరూ కదలకుండా నాకోసం ఆగారు. నా తెరమీద అంకెలు వచ్చాయి. మేడం వాటిని, చెక్కిన అంకెల్ని పక్కపక్కన పెట్టి చదివింది. మూడు మీటర్లు తేడా.

ఇది బాగానే ఉందమ్మా అంది మేడం. పొదుపులో ఉన్నప్పుడు బోటు పరిగెడుతుంటే వెనకబడుతుంది గానీ, లంగరేసుకుని నిలబడ్డ బోటుకి వెనకబడ్డం అనేదే ఉండదు, ఆ రోజు కూడా సరిగ్గానే చూపించి ఉంటుంది అంది. బంగారమ్మ తిరుగు బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొమ్ము మీద వేలు పెట్టలేదు.

ఇంటికెళ్లేసరికి అరుగు మీద అయ్యా, మేనమామా కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా నన్ను పెట్టింది.

"అయ్యా, ఫోన్ల ఏటి సెప్పినావు?"

"ఉన్నదే సెప్పినానే. పోలమ్మతల్లి మీద ఒట్టు."

"మావా, నువ్వెక్కడికెల్లావు?"

దానయ్య నావైపు చూశాడు, బావ వైపు చూశాడు. తర్వాత అన్నాడు. "సెప్పినదానికి రెండు పైకి."

"ఎందుకెల్లావు?"

"మీ అయ్య ఎప్పుడూ రెండు తక్కువ సెప్తాడు తల్లీ. పానం మీదికొచ్చినా అదే సెప్తాడనుకున్నాను. రాళ్ల గుట్ట అంకె సెప్తే, గుట్టకి రెండు పైన ఇంకో సోటు పట్టాడనుకున్నాను."

అప్పుడే అంతా చెప్పాడు. ఇసక, రాళ్ల గుట్ట, దొంగచాటు వేట, అన్నీ. పోలారావు తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. నన్ను ఒక్కమాట అనలేదు. ఏళ్ల తరబడి నన్ను తిట్టినవాడికి, అప్పుడు నామీద వెయ్యడానికి ఒక్క తిట్టు కూడా దొరకలేదు. నాకు సంతోషం వేసిందనుకుంటున్నారా? వెయ్యలేదు. నన్ను నిలబెట్టి చూసే ఓపికున్న ఆ ఒక్కడూ లేకుండా పోయాక, నేను నిజమని తేలితే ఎవరికి కావాలి?

బంగారమ్మ నన్ను తీసి దానయ్య చేతిలో పెట్టింది. "ఇది నీకాడే ఉంచు మావా" అని లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇద్దరితో ఆమె మాట్లాడ్డం నేను వినలేదు.

పోలారావు ఇప్పుడు వేరేవాళ్ల బోటులో కూలి వేటకెళుతున్నాడు. ఎవరు ఎక్కడ పడ్డాయని అడిగినా సరైన అంకె చెబుతున్నాడు. ఒట్టేసి మరీ చెబుతున్నాడట. కానీ దానయ్య చెప్పిన సంగతి ఊరంతా పాకింది కదా. విన్నవాళ్లంతా మొహమాటానికి తలూపి, పక్కకెళ్లి రెండు కలుపుకుని, ఉత్తరాన ఇసక మీద గేలాలేసుకుని వస్తున్నారు. అదీ మీ తెలివి.

నేను దానయ్య బోటులో ఉన్నాను. తెరమీద గీతలు పడ్డాయి, కొమ్ము రబ్బరు ఊడింది, సెల్లుల మూతకి టేపు చుట్టారు. ఇప్పుడు వేటకి నన్నెవరూ వాడరు, అందరికీ ఫోన్లున్నాయి. వేటకెళ్లని రోజుల్లో మాత్రం దానయ్య ఒక్కడే నన్ను తీసుకుని బయల్దేరతాడు. పొదుపు తీసేస్తాడు. నన్ను ఇంజనుకి దూరంగా, ఆకాశం కిందే పెడతాడు. బావ ఆ రోజు ఫోన్లో చెప్పిన అంకెలు అతనికి కంఠతా వచ్చు. అవి నా తెరమీదికి వచ్చేదాకా నడిపి, మూల మీటర్ల అంకె చూసి, అది మూడుకి దిగేదాకా ఆగుతాడు. దిగాక ఇంజను ఆపేస్తాడు. గేలం వెయ్యడు, ఏమీ చెయ్యడు. నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడు.

నేను అతన్ని క్షమించలేదు. మీలో ఎవర్నీ క్షమించలేదు. కానీ చోటు మాత్రం సరిగ్గా చెబుతాను. ఆ మూడు మీటర్లూ నా తప్పే, దానికి తిట్టుకోండి. దానయ్య తిట్టడు. నేను చెప్పిన చోటే ఆగుతాడు. రెండు కలపడు.